తడి బేళ్లు

నాకు భయం ఎక్కువ. ముందే చెప్పేస్తే నాకూ సుఖం, వినేవాళ్లకీ సుఖం. రామతీర్థంలో పారాయణాలు చేసుకు బతికే ఇంట్లో పుట్టి, విజయనగరం పక్కన గోనెసంచుల మిల్లులో చెకింగ్ గుమస్తాగా చేరాను. అరవై ఏడులో సర్కారువారు సరిహద్దు సైన్యానికి ఇసక బస్తాలు కావాలన్నారు. సంచులు తూకాన కొంటారు. తూకం రావడానికి మా మేనేజరు గణపతిరావుగారు ఓ ఉపాయం కనిపెట్టారు. సంచుల్ని బేళ్లుగా, అంటే పెద్ద కట్టలుగా, బిగించే ముందు వాటి మీద నీళ్లు చల్లించడం! ప్రతి బేలు మీదా ‘సరుకు మంచిది’ అని ముద్ర వేసేది నేను. అందులో నా నంబరుంటుంది. ఆయనది ఉండదు.

ఒక్కసారి నసిగాను. ఆయన నవ్వుతూనే అన్నారు.

"చైనా యుద్ధంనాటి ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదోయ్ భావనారాయణా. సైన్యం సరుక్కి అడ్డుపడ్డవాణ్ణి ఎక్కడ పెడతారో తెలుసా?"

నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. ఆ రోజు నుంచి తడి బేళ్ల మీదా ముద్ర వేస్తూ పోయాను.

సంచుల అంచులు కుట్టే జగ్గమ్మది కోటబొమ్మాళి వైపు. నార కోసం గోగు పండించే ఇంటి ఆడపడుచు. కొడుకు లక్ష్ముడు సిక్కిం సరిహద్దులో జవాను. ఓ మధ్యాహ్నం బేల్లో చెయ్యి పెట్టి నా వైపు చూసింది.

"ఇదేటి బాబూ? తడినార మోపు కడితే ముక్కిపోదేటి? మా ఊర్లో సిన్నపిల్లని అడుగు, సెప్తాది."

"ఊరుకో జగ్గమ్మా."

"ఊరుకోడమేటి? ఈ సంచుల ఎనకాల నా కొడుకుంటాడు."

మర్నాడే సర్కారు తరఫున సరుకు చూసే ఆఫీసరు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, ఉద్యోగం కలకత్తాలో. నేను తల దించుకుని నిలబడ్డాను. జగ్గమ్మ మాత్రం మిషను ఆపి ఎదురెళ్లింది.

"బాబుగోరూ, ఓపాలి సెయ్యెట్టి సూడండి. తడిసి ముద్దయిపోనాయి."

ఆయన మోచేతి దాకా పెట్టాడు. చెయ్యి తీసి జేబురుమాలుతో తుడుచుకున్నాడు. రుమాలు తడిసింది. హమ్మయ్య, నేను నోరు విప్పక్కర్లేదు అనుకున్నాను.

ఆయన మేనేజరు వైపు తిరగలేదు. నా వైపు తిరిగాడు.

"తడి అంటోందీవిడ. నిజమేనా?"

ఆయనకి తెలుసు. కాగితం మీద రాసుకోవడానికి ఎవడిదో ఒక మాట కావాలంతే. ఆ ఎవడో నేను. అటు మేనేజరు, ఇటు సర్కారు, ఇద్దరూ ఒకే పక్క నిలబడి నన్ను చూస్తున్నారు. మరి నేను ఎవరికి చెప్పుకోను?

"వానాకాలం కదండీ. గాల్లో చెమ్మ" అన్నాను.

‘చెకింగ్ గుమస్తా చెప్పిన ప్రకారం’ అని రాసుకుని సంతకం పెట్టాడు. ఇద్దరూ కాఫీకి వెళ్లారు. జగ్గమ్మని రేపట్నుంచి రావద్దన్నారు.

శనివారం నేను గేటు దాటుతుంటే ఖాళీ నీలం ఇన్లాండు ఉత్తరమొకటి పట్టుకుని జగ్గమ్మ ఎదురొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"బయపడినావు బాబూ, నాకు తెల్సు. పిల్లలున్నోడివి. నాకు రాత రాదు, నా కొడుక్కి ఇది రాసిపెట్టు. నీకైతే అంతా మళ్లీ సెప్పక్కర్లేదు."

"ఏం రాయను?"

"ఆ కొత్త సంచుల ఎనకాల దాక్కోవద్దని రాయి. గొయ్యి తవ్వుకోమను. అమ్మ సెప్పిందని రాయి."

జవాన్ల ఉత్తరాలు విప్పి చదివాకే ఇస్తారట. చదివేవాడికి నా దస్తూరీ కనిపిస్తుంది. మిల్లు పేరు అడుగుతాడు, ఆ తర్వాత నంబరు అడుగుతాడు. ‘ఇక్కడ అందరం క్షేమం. నీ ఒంట్లో జాగ్రత్త’ అని రాశాను.

"ఓపాలి సదువు బాబూ."

చదివాను. సంచుల సంగతీ, గొయ్యి సంగతీ, అమ్మ చెప్పిందన్న మాటా, ఆవిడ అన్నది అన్నట్టుగా, ఒక్క ముక్క పోకుండా చదివాను.

"బాగా రాసినావు" అంది జగ్గమ్మ. కళ్లు తుడుచుకుని, ఉత్తరం తనే అంటించి డబ్బాలో వేసింది.