ఆల్చిప్ప మీది దొంతరలు

ఆ జనవరి పొద్దున ఆకాశం చేప కడుపులా తెల్లగా ఉంది, తూర్పు అంచున మాత్రం పలచటి ఎరుపు. వారంగా కొడుతున్న ఉత్తరగాలి ఆగింది. నికనోర్ ఊరి పక్క సముద్రపు పాయలో నడుంలోతు దిగి, పెంపకానికి వేలాడదీసిన ఆల్చిప్పల దండ ఒకటి పైకెత్తి చూస్తున్నాడు.

రెండేళ్ళుగా ఆ ఊరికి జెల్లీచేపలు రాలేదు. అంతకుముందు ఏటా ఏప్రిల్లో బంతుల్లా తేలుతూ వచ్చేవి. పడవలోంచి వంగి తోడుకుని అమ్ముకోవడమే పని. ఈ ఏడూ రాకపోతే పడవ అమ్మేసి దూరాన సినలోవాలోని టమాటా తోటలకి కూలికి పోవాలని అతనూ, భార్య ఎలోడియా అనుకున్నారు. ఆ మాట అనుకున్నాక అతనికి అన్నం సయించడం మానేసింది.

చిప్పల అడుగున నువ్వుగింజలంత తెల్లటి పొక్కులున్నాయి. ఊళ్ళో వాటిని బూజు అంటారు. మూడేళ్ళ కిందట ఆల్చిప్పలు పెంచే ఆడవాళ్ళ సంఘం పుట్టాక, ఫిబ్రవరిలో కాందెలారియా మాత పండగకి ముందు ప్రతి చిప్పనీ కత్తితో గీకి మెరిపించడం ఆనవాయితీ అయింది. గీకడంలో ఎలోడియాని మించినవాళ్ళు లేరు.

నికనోర్ ఒక చిప్పని పాయ నీళ్ళు నింపిన గాజు సీసాలో వేసి ఎండకి పట్టాడు. పొక్కులు పొక్కుల్లా లేవు. ఒక్కోటీ కాడలా సాగి, ఒంటి నిండా నొక్కులు పడి, పళ్ళేలు పేర్చిన దొంతరలా ఉంది. చూస్తుండగానే పై పళ్ళెం రెండుసార్లు వణికింది, తెగింది, ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఈదుకుపోయింది. దాని వెనకే ఇంకోటి. జతా లేదు, గుడ్డూ లేదు. ఒక్క ఒళ్ళే తునకలై పది ప్రాణాలవుతోంది. ఆ ముడుచుకునే తీరు జెల్లీచేపలది, ముప్పై ఏళ్ళుగా అతని చేతులకి తెలుసు.

ఇంటికొచ్చేసరికి ఎలోడియా కత్తి నూరుకుంటోంది.

"ఈ ఏడు గీకొద్దే."

"బూజు చిప్పలతో పండగ చేస్తే మాత ముక్కు మూసుకుంటుందయ్యా."

అతను సీసా ముందు పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది. కత్తి పక్కన పెట్టింది.

"అయితే ఈ రెండేళ్ళూ నేను గీకి పారేసింది..."

"నువ్వొక్కదానివేనా? ఊరు ఊరంతా."

ఆ సాయంత్రమే ఆమె సీసా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. తగవులాడి, బతిమాలి, చివరికి అందరి కత్తులూ అటకెక్కించింది. పక్కింటి క్రిసోఫొరో మాత్రం నికనోర్ కనబడ్డప్పుడల్లా అడిగేవాడు, "నీ పళ్ళేల్లో కూర ఎప్పుడు వడ్డిస్తారు బావా?" అని. పండగ రోజు ఊరి చిప్పలన్నీ మాసిపోయే ఉన్నాయి.

ఫిబ్రవరి గడిచింది, మార్చి గడిచింది. పడవ కొనేవాడు రెండుసార్లు వచ్చి, చెక్కలు తట్టి చూసి వెళ్ళాడు.

ఏప్రిల్ రెండోవారంలో ఒక వేకువన క్రిసోఫొరోయే వచ్చి తలుపు కొట్టాడు. చెయ్యి సముద్రం వైపు చూపిస్తోంది. పాయ నోటినుంచి కనుచూపు మేరదాకా నీలి తెలుపు బంతులు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. గీకనందుకే వచ్చాయో, సముద్రానికే దయ కలిగిందో ఎవరు చెప్పగలరు? పడవలన్నీ అంచుల దాకా నిండాయి. కొనేవాడికి ఎలోడియా మర్యాదగానే చెప్పింది, వేరే ఊరు చూసుకోమని.

మధ్యాహ్నం ఇసుకలోనే పొయ్యి పెట్టి ముల్లెట్ చేపలు కాల్చారు. క్రిసోఫొరో తన చేపలో మెత్తటి ముక్క తీసి నికనోర్ చేతిలో పెట్టాడు. అందరి చేతులూ ఉప్పుకి మండుతున్నాయి. ఆ చేతులతోనే తిన్నారు.