ఐదు మార్కులు తగ్గిన గుండె

ఎస్.ఆర్. నగర్‌లో మగపిల్లల హాస్టల్ నడిపే రాజనర్సయ్య లెక్కలో మనుషులు రెండే రకాలు: పాసైనవాళ్లు, ఫెయిలైనవాళ్లు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల పక్కన ఇన్నేళ్లు బతికినవాడు ఇంకోలా ఆలోచించాలనుకోవడం మన అత్యాశే. అందుకే పంజగుట్టలో డాక్టరు "హార్ట్ ఫెయిల్యూర్, పంపింగ్ ముప్పై శాతం" అనగానే ఆయన మనసులో ఫలితం వచ్చేసింది. పాస్ మార్కు ముప్పై ఐదు. ఐదు మార్కులతో గుండె తప్పింది.

హాస్టల్‌కొచ్చి, డాక్టరు రాసిచ్చిన గోలీల సంచిని భోజనాల గది ఫ్రిజ్ మీద పడేశాడు. మళ్లీ ముట్టలేదు.

"ఫెయిలైనంక గోలీలెందుకు బిడ్డా" అన్నాడు కూతురు సంగీతతో.

సంగీతది గుండెల పనే. కత్తీ నెత్తురూ ఉండవు. నీరసించిన గుండె తిండిని శక్తిగా మార్చుకోలేక ఎక్కడ తడబడుతోందో కంప్యూటర్లో లెక్కగట్టే పరిశోధన. అందరి గుండెలతో ధైర్యంగా ఆడుకునే పిల్ల, తండ్రి రిపోర్టులోని అంకెల్ని మాత్రం మూడుసార్లు సరిచూసుకుంది. ఆయనంటే ఆమెకు ప్రాణం.

మరునాడు హాస్టల్ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది.

"గిది నా గుండెనా?"

"నీది కాదు నాయినా, నీలాంటిది. నీ నంబర్లేసి మోడల్ చేసిన. చూడు, గ్యాస్ పొయ్యి లెక్కనే, సిలిండర్ నిండుగనే ఉంది. బర్నరే సరిగ్గ మండుతలేదు. పని మాత్రం ఎప్పటిలెక్కనే మీద పడుతుంది."

ఆమె మోడల్లో ఆ భారాన్ని తగ్గించింది. తెర మీద కిందికి జారుతున్న గీత ఆగి, మెల్లగా కొంచెం పైకి లేచింది.

"గోలీలు చేసేది గిదే. జర బరువు దించుతయి."

హాస్టల్ వంటగది నడిపే రాజనర్సయ్యకు బర్నర్ల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా మొహం తేలికపడలేదు. "గీత లేస్తే లేసింది. నూటికి ముప్పై ముప్పయే గద."

ముల్లెక్కడ గుచ్చుకుందో అప్పుడు తెలిసింది సంగీతకు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నూటికెవరన్నరు? ఎంత గట్టి గుండెకైనా అరవై, డెబ్బై. నూటికి నూరు ఎవ్వలకూ రావు."

"టాపర్‌కు సుత?"

"టాపర్‌కు సుత."

ఆయన బల్లకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "అయితే నేను పాసయితనా?"

అవుతావని చెప్పేయాలనిపించింది. కానీ ఈయనతో ఆమె ఎన్నడూ అబద్ధమాడలేదు.

"తెల్వదు నాయినా. కంప్యూటర్ రాసింది మోడల్ పరీక్షే. అసలుది నువ్వు రాయాలె. ఫెయిలైన పోరగాండ్లకు నువ్వేం చెప్తవు?"

"ముందుగాల అన్నం తిను, సప్లిమెంటరీ ఉంది గదరా అంట."

అన్నాక తన మాటే తన చెవిన పడ్డట్టు ఆగిపోయాడు. ఫ్రిజ్ వైపు చూశాడు. తర్వాత కూతురి ముందు అరచెయ్యి చాపాడు.

"ఏదీ, హాల్ టికెట్ ఇయ్యి."

సంగీత లేచి, ఫ్రిజ్ మీది సంచిలోంచి గోలీ తీసి ఆ చేతిలో పెట్టి, నీళ్లు తేవడానికి వెళ్లింది.