గట్టు మిషను పూజ

తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు ఇంజినీరుగా చేశాక, తాను పుట్టింది పేటెంటు లాయరు కావడానికేనని గోపీకృష్ణకు తెలిసొచ్చింది. ఆలస్యంగానైనా తెలిసింది కదా, సంతోషం! ఉద్యోగం వదిలేసి, లా చదివి, పేటెంటు ఏజెంటు పరీక్ష కూడా పాసై, బ్రూస్‌పేటలో మేడ మీద గది తీసుకుని బోర్డు కట్టాడు. ఏడాది పాటు ఆ మెట్లెక్కిన వాళ్లంతా పహణీ కాగితంలో పేరు తప్పు పడిందనో, అన్నదమ్ముల పొలం తగాదా అనో వచ్చినవాళ్లే. "ఏమండీ, ఇంకా బోణీ కాలేదా?" అని భార్య బిందుశ్రీ అడిగినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

అట్లాంటప్పుడు సిరిగేరి వెల్డరు కనకప్ప వచ్చాడు. ట్రాక్టరుకు తగిలిస్తే వరిమడి గట్టును చెక్కి, బురద మెత్తి, నున్నగా అదిమే మిషను చేశాడట. మూడేళ్ల కష్టం. షెడ్డులో టార్పాలిన్ కప్పి, పెళ్లానికి కూడా సరిగ్గా చూపించలేదట.

"నాకుండేది ఇదొకటే సార్. ఎవురూ కాపీ కొట్టకుండా చెయ్యాల."

గోపీకృష్ణకు ఆనందంతో కాళ్లు నేల మీద ఆగలేదు. మొదటి కేసు! పూజ చేయకపోతే ఎట్లా? ఫ్లెక్సీ కట్టకపోతే నలుగురికీ ఎట్లా తెలుస్తుంది?

"ముందు అర్జీ పెట్టి, ఆమేల పూజ చేస్తే కాదా సార్?" కనకప్ప నసిగాడు.

"లా చదివింది నువ్వా, నేనా?"

ఆదివారం సిరిగేరిలో ఫ్లెక్సీ లేచింది. అందులో మిషను బొటనవేలంత, నల్లకోటు గోపీకృష్ణ నిలువెత్తు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. అతని చేతికి మైకిచ్చారు. ఇంకేముంది, లోపలి ఇంజినీరు నిద్రలేచాడు! ఏ పలక ఎన్ని డిగ్రీలు వంచాలో, ఏ స్ప్రింగు ఎంత బిగించాలో విప్పి చూపిస్తూ నలభై నిమిషాలు వాయించాడు. ఆ వీడియో సాయంత్రానికే యూట్యూబులో పెట్టించాడు. అర్జీ మాత్రం మూడు వారాల తర్వాత వేశాడు.

రెండేళ్లకు పేటెంటు ఆఫీసు నుంచి జవాబొచ్చింది. మిషనులో కొత్తదనం లేదట, అర్జీకి ముందే దాని నిర్మాణమంతా లోకానికి వెల్లడైందట. ఏ చైనా వాడో, జపాను వాడో అనుకుంటూ గోపీకృష్ణ కింద ఇచ్చిన లింకు నొక్కాడు. తెర మీద నల్లకోటు వేసుకుని, మైకు పట్టుకుని, చెమటలు కక్కుతూ తనే.

అర్జీకి ముందు బయటపెడితే పేటెంటు రాదని పరీక్షలో పేజీన్నర రాసిన మనిషి! సిగ్గుతో చచ్చిపోయాడు.

కనకప్పను పిలిపించి, తలెత్తకుండానే అంతా చెప్పాడు.

"మా పక్కూర్లో ముగ్గురు ఇదే మిషను చేసి అమ్ముతాండారు సార్. నా కాడ పనిచేసిన దురుగప్పే చెప్పినాడేమోనని వాణ్ని నోటికొచ్చినట్ల తిట్టి పంపిస్తిని." కనకప్ప లేచి, గుమ్మం దాకా పోయి ఆగాడు. "వాళ్లల్లో ఒకనికి ఆ స్ప్రింగు సంగతి సరిగ్గా అర్థం కాలేదంట. మీ నంబరు అడుగుతాండాడు. ఇయ్యాల్నా?"