తల కనిపించేదాకా

నేను ఒక ఐదు సెల్లుల టార్చిలైటును. ఆ రోజు మా ఇంట్లో గొడవ నా అద్దం దగ్గర మొదలైంది. ఇత్తడి చెంబులతో పాటు నర్సవ్వ నన్ను కూడా బూడిద పెట్టి తోమేసింది.

"అద్దానికి బూడిద పెడ్తరానె ఎవరన్న?" అన్నాడు ఆమె భర్త పోశెట్టి.

"ఏమాయె? నీ లైటుకేమన్న పెండ్లిచూపులున్నయా?"

గీతలు పడ్డ మాట నిజమే. అయినా నాకు కోపం రాలేదు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా సినిమా హాలుకు వెళ్లినదాన్ని, ఎన్నో మాటలు పడ్డాను. అక్కడ వెలుగు మొహం మీద పడితే జనం తిట్టేవాళ్లు, పడకపోతే తడుముకుంటూ వెళ్లి పక్కవాడి ఒళ్లో కూర్చునేవాళ్లు. హాలు మూతపడ్డాక పోశెట్టి నన్ను సంతలో కొని మక్కజొన్న చేనుకు కావలి పెట్టాడు.

ఆ ఏడు కంకులు పాలు పోసుకునే వేళ అడవిపందులు దిగాయి. ఒక్క రాత్రిలో అర ఎకరం నేలమట్టమైంది. ఇక మిగిలింది ఎకరమే. అదీ పోతే మొగుడూ పెళ్లాం ఏడాదంతా కూలికి వెళ్లాల్సిందే. పోశెట్టి తిరిగి తిరిగి మూడు రాత్రుల వేటకు అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. లైసెన్సు తుపాకీతో వేటగాడు మోయిజ్ సాబు వచ్చాడు.

సాబు అరుగు మీద కూర్చుని నియమాలు చెప్పాడు. తాగినవాడు వేటకు రాకూడదు. తామిద్దరూ తప్ప ఇంకెవరూ చేనులో అడుగు పెట్టకూడదు. పిల్లలున్న పందిని కొట్టకూడదు. చప్పుడు వినో కదలిక చూసో కాల్చకూడదు, తల స్పష్టంగా కనబడాలి.

"పందికి గిన్ని మర్యాదలా సాబ్?" అన్నాడు పోశెట్టి.

"పంది సదువుకోలే పటేలా, మనం సదువుకున్నం గద," అని నవ్వాడు సాబు.

మొదటి రాత్రి ఏదీ రాలేదు. రెండో రాత్రి గాలి మళ్లింది. మనిషి వాసన తగిలితే పంది దగ్గరకు రాదు. అందుకని సాబు పడమటి గట్టు వదిలి తూర్పు గట్టుకు మారాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పి రావాలని ఎవరికీ తోచలేదు.

కాసేపటికి చేనులో కంకి విరిగిన చప్పుడు. పోశెట్టి నా మీట నొక్కాడు. వంగిన నల్లటి వీపు ఒకటి కదులుతోంది.

"కొట్టు సాబ్! చేను మింగుతున్నది!"

"తల చూపియ్యి."

ఆకులు అడ్డం. నా వెలుగు ఆ వీపు దాటి పోలేకపోయింది. పోశెట్టి చేతి చెమటతో నా గొట్టమంతా తడిసింది.

"పోతది సాబ్, కొట్టు!"

"తల చూపియ్యమన్న."

తుపాకీ లేవలేదు. వీపే లేచింది. నల్ల గొంగడి భుజం మీంచి జారింది.

"ఎవలయ్యా కండ్లల్ల లైటు కొడ్తున్నది?"

నర్సవ్వ! పందులు తొక్కేసిన కంకులు కుళ్లిపోకముందే ఏరి బర్రెకు వేద్దామని వచ్చిందట. వేటగాళ్లు పడమటి గట్టు మీదే ఉన్నారనుకుందట.

పోశెట్టి గట్టు మీద కూలబడి నన్ను ఆర్పేశాడు. ఆ చీకట్లో నేను చూసింది ఏమీ లేదు. విన్నది మాత్రం ఎవరికీ చెప్పను.

నేను చూపించలేనిదాన్ని ఊహించుకుని కాల్చని మనిషి చేతిలో ఆ రాత్రి తుపాకీ ఉంది. అది నా అదృష్టం. తిరుగుదారిలో సాబు కాళ్ల ముందున్న ప్రతి గుంటనూ, ప్రతి ముల్లునూ శ్రద్ధగా చూపించాను. అంతకు మించి నేనేం చేయగలను?

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ మక్కగటక, పచ్చిపులుసుతో అన్నాలకు కూర్చున్నారు. పోశెట్టి ముద్ద కలుపుతూ తల ఎత్తాడు.

"సాబ్, ఇయ్యాల ఆఖరి రాత్రి. లైటు మా నర్సవ్వ పడ్తది. ఆమె వచ్చి నా పక్కన కూసున్నంకనే మీరు తుపాకిల తూట పెట్టున్రి."