కోడలి పేరున

నా కోడలు మోటారు సైకిలు నడుపుతుంది. అదేదో కూరగాయలకు వెళ్ళొచ్చే బండి కాదు. స్టాండు మీద నుంచి దించాలంటే ఇద్దరు మగాళ్ళు కావాలని మా కింది వాటా ఆయన అన్నాడు. మా కోడలు ఒక్కతే దించుతుంది. ‘అయ్యో, అంత బండి మీ కోడలు నడుపుతుందా పిన్నిగారూ!’ అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు మన తెలుగువాళ్ళ సంఘంలో చాలామందే ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. నడుపుతుంది, మధ్యలో మీకేం కష్టమొచ్చింది?

ఆవిడ ఓడరేవులో క్రేను నడుపుతుంది. అంతెత్తున గాజు గదిలో కూర్చుని, గదంత ఇనప పెట్టెను ఓడలోంచి లేపి, లారీ మీద గుడ్డు పెట్టినంత మెల్లగా దించుతుంది. ఈ దేశం రమ్మని పిలిచింది ఆవిడని. ఆవిడ వెనక మావాడు వచ్చాడు. వాడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు, బల్ల ముందు కూర్చున్నాడంటే ఇల్లు తగలబడినా తల ఎత్తడు. వాడి వెనక నేను వచ్చాను. ఈ దేశంలో ఉండటానికిచ్చిన మా ఇద్దరి పర్మిట్ల మీదా ఆవిడ మీద ఆధారపడిన వాళ్ళమనే రాసి ఉంటుంది. ఉన్న మాటకు ఉలుకెందుకు?

అంతా బాగానే ఉందనుకునేసరికి ఆవిడ కంపెనీ పనంతా ఊరవతలి కొత్త రేవుకు మార్చింది. అక్కడికి ఉన్నది ఒకటే దారి, పెద్ద వేగంతో పోయే రోడ్డు. దాని మీదకు చిన్న బండ్లను రానివ్వరు. బస్సులేమో ఆవిడ షిఫ్టులకు కుదరవు. రేవు దగ్గర హాస్టలుంది, అందులో ఉండండి, సెలవు రోజున ఇంటికి వెళ్ళండి అన్నారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడొక చోట, వాడొక చోట ఉండి, ఇప్పుడిప్పుడే ముగ్గురం ఒక కంచం దగ్గర చేరాం. హాస్టలు మాట వినగానే నాకు అన్నం సయించలేదు.

“హాస్టలుకి నేను వెళ్ళను అత్తయ్యా. పెద్ద బండి కొంటాను,” అంది ఆవిడ.

అవసరానికే కొందని నేను బుకాయించను. ఇష్టం కూడా ఉంది. పెద్ద బండ్లకు వేరే లైసెన్సు కావాలంటే రోజూ పని నుంచి వచ్చి, కాళ్ళు లాగుతున్నా నేర్చుకుని తెచ్చుకుంది. షోరూం నుంచి బండి తెచ్చిన రోజున ఆవిడ ముఖం చూడాలి. పెళ్ళిలో కూడా అంత కళ లేదు.

అయితే ఇక్కడ బండి కొంటే సరిపోదు. అంత పెద్ద ఇంజను బండి విదేశీయుల పేరున రాయాలంటే రూళ్ళున్నాయి. లైసెన్సు ఉండాలి. సొంత ఉద్యోగం మీద వచ్చిన పర్మిటు ఉండాలి. యజమాని స్వయంగా తనిఖీ మైదానంలో నడిపి చూపించాలి. ఆవిడకు అన్నీ ఉన్నాయి. తనిఖీకి తేదీ దొరకడమే ఆలస్యమైంది. దొరికిన రోజు, షోరూం ఇచ్చిన తాత్కాలిక నంబరుకు ఆఖరు రోజూ ఒకటే అయింది. ఆ పూట పని కాకపోతే సాయంత్రం నుంచి బండి రోడ్డెక్కడానికి లేదు. మళ్ళీ తేదీ అంటే నెలల మాట. అంటే హాస్టలే.

అలాంటి రోజున, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, మా సంఘం కార్యదర్శిని వెంట తీసుకెళ్ళాం.

చెడ్డవాడని అనను. ఇక్కడ మనవాళ్ళలో ఎవరికి ఏ ఆఫీసు పని పడ్డా కారేసుకుని వస్తాడు. భాష గలగలా మాట్లాడతాడు. మేం దిగిన కొత్తలో మాకు ఇల్లు చూసిపెట్టింది కూడా ఆయనే. అందుకే మావాడికి ఆయనంటే దేవుడంత గురి. కాకపోతే ఆయనకొక అలవాటు. ఎవరింటి పనైనా నేరుగా కౌంటరు దగ్గరకు వెళ్ళి, ఆ ఇంటి మగాణ్ణి ముందుకు తోసి, వాడి పేరున చేయించేస్తాడు. ఎవరూ ఇదేమిటని అడగరు. ఆడవాళ్ళు కూడా అడగరు. పని అయిందా లేదా అన్నదే లెక్క.

ఆఫీసు బయట బండ్ల వరస ఉంది. వరస కదిలినప్పుడల్లా బండి ముందుకు జరపాలి గనక ఒకరు దాని దగ్గర ఉండాలి.

“నువ్వు బండి దగ్గరుండమ్మా, లోపలి సంగతి నేను చూసుకుంటాను,” అన్నాడు కార్యదర్శి. కాగితాల సంచీ మావాడి చేతికిచ్చి లోపలికి నడిపించాడు. ఎండగా ఉందని నేనూ వాళ్ళ వెనకే వెళ్ళాను.

కౌంటరులో ఒకావిడ, కళ్ళజోడు ముక్కు చివరన పెట్టుకుని ఉంది. ఏదో అడిగింది. కార్యదర్శి వేలు మావాడి మీదకు తిరిగింది. నాకు ఆ భాష రాదు. వేలు ఎవరి మీదకు తిరిగిందో తెలియడానికి భాషెందుకు?

“ఏమడిగిందిరా ఆవిడ?” అన్నాను.

“బండి యజమాని ఎవరని, అమ్మా.”

“నువ్వెప్పుడయ్యావురా యజమానివి? నీకు సైకిలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి కదరా!”

“అన్నయ్యగారు చెప్పేశారమ్మా,” అని బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

కార్యదర్శి నా వైపు తిరిగాడు. “పిన్నిగారూ, ఇంత పెద్ద బండి మగవాడి పేరున ఉంటేనే మర్యాద. రేపు ఏదైనా జరిగితే ఆడపిల్ల స్టేషన్ల చుట్టూ తిరుగుతుందా? నడిపేది ఎటూ అమ్మాయే. పేరుదేముంది?”

పేరుదేమీ లేకపోతే ఆవిడ పేరే చెప్పొచ్చుగా అని నేను నోరు తెరిచేలోపే కౌంటరావిడ తల అడ్డంగా ఊపింది. కాగితాలన్నీ గుట్టగా ఇటు తోసేసింది. మావాడు వాటిని ఏరుకుంటూ నాకు చెప్పాడు.

“నా పర్మిటు ఆధారపడినవాళ్ళదట. దాని మీద ఇంత ఇంజను బండి రాయరట. మళ్ళీ తేదీ తీసుకుని రమ్మంటోంది.”

తెలిసో తెలియకో తప్పు చేసిన మనిషికి కాస్త బాధైనా ఉండాలా? కార్యదర్శి చేతులు దులుపుకున్నాడు. “పోన్లెండి. నాకు తెలిసిన ఇక్కడివాడొకడున్నాడు. వాడి పేరున రాయించేద్దాం, మనవాళ్ళు చాలామంది చేసేదే. వీలుకాకపోతే అమ్మాయి కొన్నాళ్ళు హాస్టల్లో ఉంటుంది. కొంపలేం మునిగిపోవు కదా.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఇంట్లోనూ ఒక బండి ఉండేది. నేను బడిలో గొంతు చించుకుని పాఠాలు చెప్పిన జీతంతో కొన్న స్కూటరు. మా ఆయన పేరున ఉండేది. మనిషి బంగారం, ఎక్కడికంటే అక్కడికి దింపేవాడు. అయినా నా జన్మంతా, ‘కాస్త దింపుతారా?’ అని అడుగుతూనే గడిచింది. అడిగిన ప్రతిసారీ నాకు చిన్నతనంగా ఉండేది. ఎవరితోనూ అనలేదు. నా కోడలు మాత్రం ఎవరినీ అడగడానికి వీల్లేదు. అంతే.

కౌంటరు చెక్కను రెండు చేతులా పట్టుకున్నాను. వెనక వాళ్ళు గొణుగుతున్నారు, గొణగనీ. కౌంటరావిడ ముఖంలోకి చూస్తూ మన తెలుగులోనే అరిచాను.

“చూడు తల్లీ! ఈ దేశంలో నేను నా కోడలి పేరున ఉన్నాను. ఇదిగో, ఆరడుగుల నా కొడుకు ఆవిడ పేరున ఉన్నాడు. ఇద్దరు మనుషుల్ని మోయగా లేనిది, ఒక్క బండిని మోయలేదా? ఆవిడ కష్టార్జితం, ఆవిడ లైసెన్సు, ఆవిడ ఒళ్ళు హూనమైంది. మధ్యలో వీడి పేరెందుకు, ఊరూ పేరూ లేని ఇంకొకడి పేరెందుకు? యజమాని బయట ఎండలో నిలబడి ఉంది. పిలువు!”

కౌంటరావిడ కార్యదర్శిని ఏదో అడిగింది. ఆయన నవ్వుతూ రెండు ముక్కలు చెప్పాడు. ఆవిడ లేచి నాకొక గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

“ఇదేమిట్రా? ఏం చెప్పాడు?”

మావాడు నేల చూపులు చూస్తూ, “నీకు నీరసంగా ఉందట. దాహమేసి అరుస్తున్నావట,” అన్నాడు.

“నాకా నీరసం!” గ్లాసు తీసి అవతల పెట్టాను. “ఒరేయ్, నువ్వు చెప్పరా. నా మాటలు నా మాటల్లాగే చెప్పు. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను.”

“తమ్ముడూ, పెద్దావిడ ఆవేశపడుతోంది, నువ్వు కూడానా? నలుగురూ చూస్తున్నారు,” అన్నాడు కార్యదర్శి, మావాడి భుజం మీద చెయ్యి వేసి.

మావాడు పెద్దవాళ్ళకు ఎదురు చెప్పి ఎరగడు. ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమంటాడు. వీడు ఇప్పుడు ఊరుకుంటే నా కోడలు సాయంత్రానికి పెట్టె సర్దుకోవాలి.

వాడు ఆయన చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టాడు. కౌంటరు వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. ముందు గొంతు వణికింది. తర్వాత వణకలేదు. నన్ను చూపించాడు, తనను చూపించుకున్నాడు, తలుపవతల ఎండలోకి వేలు చాపాడు. వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదది.

కౌంటరావిడ కళ్ళజోడు సరిగ్గా పెట్టుకుని మా ముగ్గురి పర్మిట్లూ పక్కపక్కన పేర్చి చూసింది. మా టోకెను నంబరు ఇంకా బోర్డు మీద ఉంది గనక యజమానిని మార్చవచ్చట. కాకపోతే తను యజమాని కాదని మావాడు సంతకం పెట్టాలి.

“పెట్టావంటే రేపు సంఘంలో అందరూ నిన్ను చూసి నవ్వుతారు,” అన్నాడు కార్యదర్శి.

“నవ్వనివ్వండి అన్నయ్యగారూ,” అని వాడు సంతకం పెట్టేశాడు.

బయటకు వచ్చి సంగతి చెబితే కోడలు మొగుణ్ణి ఎగాదిగా చూసింది. “నీ పేరు చెబుతుంటే ఊరుకున్నావా?”

“ముందు ఊరుకున్నాను,” అన్నాడు వాడు.

“ఆ సంగతి ఇంట్లో మాట్లాడదాం,” అని హెల్మెట్ పెట్టుకుంది.

మైదానంలో పసుపు దిమ్మెలు పాతి ఉన్నాయి. కాలు నేలకు తగలకుండా వాటి మధ్య నుంచి నత్తనడకన నడపాలి. వేగంగా పోవడం కంటే అదే కష్టమట. ఆవిడ క్రేనుతో పెట్టెలు దించే మనిషి, తొందరపడదు. ఒక్కో దిమ్మె చుట్టూ బండిని వాల్చి లేపుతూ చివరిదాకా వెళ్ళింది. ఆ తర్వాత ఒక్కసారిగా ఉరికించి, తెల్ల గీత మీద కచ్చితంగా ఆపింది. నేను అక్కడే ఈల వేశాను. ఈల వేయడం వచ్చని మావాడికి కూడా ఆ రోజే తెలిసింది. తనిఖీ చేసే ఆయన ఏమీ అనకుండా వెళ్ళి నంబరు పలక తెచ్చి, బండి వెనక బిగించాడు.

ఆవిడకు షిఫ్టు వేళ అయింది. కార్యదర్శి దగ్గరకొచ్చాడు.

“ఏదో అయిందనిపించావు, సంతోషం. రాత్రి పూట ఆ రోడ్డు మంచిది కాదమ్మా. హాస్టల్లో గది చెప్పి ఉంచనా?”

“వద్దు అన్నయ్యగారూ. ఇకమీదట నా పని నేనే మాట్లాడుకుంటాను,” అని బండి స్టార్టు చేసింది. “అత్తయ్యా, అన్నానికి ఇంటికొస్తాను!” అని కేకేసి, ఆ పెద్ద రోడ్డెక్కి కనుమరుగైపోయింది.

కార్యదర్శి మమ్మల్ని కారెక్కమన్నాడు. బస్సులో వెళ్తామన్నాను. అయినా ఆయనకు కడుపుబ్బరం తీరలేదు.

“మీ వాణ్ణి చూస్తే జాలేస్తోంది పిన్నిగారూ. పర్మిటు ఆవిడది, బండి ఆవిడది. వాడి పేరున ఇక ఏం మిగిలిందని?”

“వాడి నోరు,” అన్నాను. “ఇవాళే రిజిస్టరైంది.”