పాప జడ

"ఇవాళ్టి నుంచి పాపకి జడ నేనేస్తాలే. నువ్వు ముట్టుకోకు" అంది అత్తయ్య. చిట్టి అప్పటికే నా మోకాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఆవిడ దాన్ని రెక్క పట్టుకుని లేపి తన గదిలోకి తీసుకెళ్లింది. నా ఒళ్లో రిబ్బన్లు మిగిలాయి.

కారణం నా నెత్తి మీదే ఉంది. ఎడమ చెవి పైన కోటు గుండీ అంత మేర జుట్టు ఊడిపోయి చర్మం నున్నగా తేలింది. తల తుడుచుకుంటుంటే అత్తయ్యే ముందు చూసింది. చూడగానే "పేనుకొరుకుడు" అని తేల్చేసింది. సాయంత్రానికల్లా నా దువ్వెన, తువ్వాలు, దిండు వేరయ్యాయి. వంట మాత్రం వేరు కాలేదు. అంట్లు, బట్టలు, ఆయన చొక్కాల ఇస్త్రీ, అవేవీ వేరు కాలేదు. ఎక్కడ అంటుకోవాలో, ఎక్కడ కూడదో నా రోగానికి బాగా తెలుసు!

ఉన్నమాట చెప్పాలంటే, పొద్దున లేచింది మొదలు ఈ ఇంట్లో నేను చేసే చాకిరీలో ఏది ఎవరు తీసుకుంటానన్నా దండం పెట్టి ఇచ్చేస్తాను. ఒక్క పాప జడ తప్ప. నాకది పని కాదు. అది మా నాన్న.

నాన్న దర్జీ. అమ్మ ఆస్పత్రిలో తెల్లవారుజాము డ్యూటీకి వెళ్లిపోయేది కాబట్టి నా జడలు ఆయన వాటాకి వచ్చాయి. కుట్టుమిషను ముందు చిన్న పీట వేసి కూర్చోబెట్టేవాడు. పాపిడి సరిగ్గా మధ్యకొచ్చిందో లేదో టేపు పెట్టి మరీ చూసేవాడు. "కదలకే కోతీ! పాపిడి వంకరపోతే కాలరు వంకరపోయినట్టే, చూసినవాళ్లు కుట్టినవాణ్ణే తిడతారు" అనేవాడు, నోట్లో గుండుసూదులు పట్టుకునే. ఆ జడలు ఎంత బిగువంటే నా కనుబొమలు పైకి లాగేసి, సాయంత్రం దాకా దేనికో ఆశ్చర్యపోతున్నట్టే ఉండేదాన్ని. "మీ అమ్మ జడ భలే వేస్తుందే" అని టీచరంటే, "మా నాన్న!" అని ఎగిరెగిరి చెప్పేదాన్ని. బడికి ఆలస్యమవుతున్నా ఆయన వేళ్లకి తొందరుండేది కాదు. మిషను నూనె వాసన, అప్పుడే కత్తిరించిన కొత్తబట్ట వాసన, మెడ వెనక వెచ్చగా ఆయన ఊపిరి. నాన్న పోయి చాలా ఏళ్లయింది. చిట్టి జుట్టు మూడు పాయలు చేసి చేతిలోకి తీసుకున్నంతసేపూ మాత్రం ఉండేవాడు.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్ల మీదికి వంగి ఫ్రేము చెవుల మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. ఒకాయన వంగిన నా తల చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అంతే, "కొన్నాళ్లు లోపల లెన్సులు చూసుకోమ్మా, నీ మంచికే చెబుతున్నా" అన్నాడు ఓనరు. నా మంచేదో అందరికీ తెలుసు, నాకు తప్ప.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. భూతద్దం పెట్టి, మచ్చ అంచున వెంట్రుకలు మెల్లగా లాగి చూసిందావిడ.

"పేనూ లేదు, పురుగూ లేదమ్మా. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే పొరబడి జుట్టు కుదుళ్ల మీద పడ్డాయి. ఎందుకని అడిగితే కచ్చితంగా చెప్పలేం. కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. థైరాయిడ్ ఉందేమో, రక్తపరీక్ష చేయిద్దాం."

మచ్చలో సన్నటి సూదితో అక్కడక్కడా మందు ఎక్కించింది. మళ్లీ కొన్ని వారాలకు రమ్మంది. చాలామందికి జుట్టు తిరిగొస్తుందట, మొదట తెల్లగా రావచ్చట, వచ్చినా మళ్లీ ఊడొచ్చట. అన్నీ విని నేనడిగింది ఒక్కటే.

"మా పాపకి జడ వెయ్యొచ్చా?"

డాక్టరమ్మ నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "ఇది ఒకళ్ల నుంచి ఒకళ్లకి అంటుకోదమ్మా. నిక్షేపంగా వెయ్యి."

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. సంతోషమే ఎక్కువ.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "నాకు తెలుసు. మొదటిరోజే ఫోన్లో చూశా" అన్నారు.

"మరి అత్తయ్యకి చెప్పలేదేం?"

"ఎందుకొచ్చిన గొడవ? పొద్దున్నే నీకూ ఓ పని తగ్గింది కదా."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాకు తగ్గించిన పని అదొక్కటే.

మర్నాడు పొయ్యి వెలిగించలేదు. దువ్వెన తీసుకుని హాల్లో కూర్చుని చిట్టిని పిలిచాను. కాఫీ ఏదంటూ ఆయన వచ్చారు. వెనకే అత్తయ్య.

"వద్దన్నానా! పసిదానికి అంటిస్తావా?"

"అంటుకోదు అత్తయ్యా. డాక్టరమ్మ చెప్పింది. మీ అబ్బాయికీ తెలుసు, అడగండి."

ఆవిడ కొడుకు వైపు చూసింది. "అవునమ్మా, అది అంటుకునేది కాదు" అన్నారాయన నేలచూపులు చూస్తూ.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఆవిడ చెయ్యి జుట్టు ముడి కిందికి వెళ్లి మెడ వెనక ఏదో తడుముకుంది.

"అసలు అంటుకోదా?"

"అంటుకోదు."

"ఆ రోజుల్లో కూడానా?"

"ఎప్పుడూ అంటుకోదు అత్తయ్యా."

ఆవిడ చాలాసేపు కొడుకునే చూసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"మరి నాకిది వచ్చినప్పుడు, పాలు తాగే పిల్లాణ్ణి, వీణ్ణి, ఏడాదిపాటు నా ఒళ్లోకి ఎందుకివ్వలేదే?"