వెనక్కి చూసే హంస

మా కంప్యూటర్ తెర మీద కుడివైపు అడుగున పసుపుపచ్చ డాలు బొమ్మ ఒకటి ఉండేది. రెండు మూడు రోజులకోసారి అప్‌డేట్ అంటూ కొత్త సరుకు వచ్చిందని చెప్పేది. ఏం సరుకో చెప్పదు, మనకెందుకో చెప్పదు. మిషను ఆపి మళ్ళీ లేపడం ఇప్పుడా, తర్వాతా అని రెండే మాటలు. వద్దు అనే మాట ఆ పెట్టెలో ఎంత వెతికినా కనపడదు. పిలవకుండా వచ్చిన చుట్టమైనా గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి మన మొహం చూస్తాడు. దీనికి ఆ పాటి మర్యాద కూడా లేదు. మిషను ఉన్నది మా ఇంట్లో, కరెంటు బిల్లు కట్టేది మేము, పెత్తనం మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీది. ఇప్పటికీ ఆ డాలు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అది 2006. మాది మంగళగిరి. నాన్న ఆదిశేషయ్య మగ్గం నేసేవాడు. అమ్మ రాఘవమ్మ కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఆ మగ్గానికి కండెలు చుట్టింది. నేను రోజూ బస్సెక్కి విజయవాడ వెళ్ళి గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటరులో పెళ్ళికార్డులు కొట్టేదాన్ని. మా ఓనరు వెంకటకృష్ణారావు గారు కొత్త మిషన్లు కొన్నప్పుడు పాతది ఒకటి నాకిచ్చి, ఇంటి దగ్గర కూడా పని చేసి పంపమని ఇంటర్నెట్ పెట్టించారు. కంప్యూటర్ రిపేర్లు చేసే దుర్గాశంకర్ అందులో చీరల డిజైన్లు గీసే ప్రోగ్రాం ఒకటి వేసిపెట్టాడు. నేను సరదాకి వేయించుకున్నదే. దాని ముందు అమ్మ కూర్చుంటుందని మాలో ఎవరం అనుకోలేదు.

ఆ ఏడాది అమ్మకి షుగరు కళ్ళలోకి దిగింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళు నిలుస్తుందో తాము చెప్పలేమనీ బెజవాడ డాక్టరు తేల్చేశాడు. బయటికి వచ్చి అమ్మా నేనూ ఇంటికి బస్సెక్కాం. బస్సు వారధి మీదికి ఎక్కాక, కిటికీ లోంచి కృష్ణ వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"మా అమ్మ పెళ్ళిచీర అంచు నాకొక్కదానికే తెలుసు జ్యోతీ. చూపు ఉండగానే దాన్ని దించెయ్యాలి."

ఆ చీర కథ నాకు తెలుసు. నూలు దొరకని కరువు రోజుల్లో అమ్మమ్మ దాన్ని పాతజరీ కొనేవాడికి ఇచ్చేసింది. వాడు వెండి కోసం అంచును వాళ్ళ అరుగు ముందే కాల్చాడు. అప్పటికి అమ్మ చిన్నపిల్ల. కాలేదాకా అక్కడే నిలబడి చూసిందట. అంచు నిండా హంసల బారు. ఒక హంస ముందుకు చూస్తుంటే దాని పక్కది మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. ఆ వెనక్కి చూసే హంస మెడలో ఒక వంపు ఉండేదనీ, అలాంటి వంపు మళ్ళీ ఏ చీర మీదా చూడలేదనీ అమ్మ చెప్పేది. అమ్మమ్మ పోయింది, నేసిన వాళ్ళూ పోయారు. ఇక ఆ అంచు ఉన్నది అమ్మ కళ్ళలోనే.

మామూలుగా డిజైను గళ్ళ కాగితం మీద గీస్తారు. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కిస్తే, ఏ పోగు ఎప్పుడు లేవాలో ఆ అట్టలే చెబుతాయి. కాగితం మీద గళ్ళు అమ్మకి ఆనడం లేదు. కంప్యూటర్లో అయితే ఒక్కో గడిని అరచెయ్యంత చేసుకోవచ్చు. అందుకని నేర్చుకుంది. మౌస్ పట్టుకోవడం రాక మొదట్లో చెయ్యి వణికితే, నాన్న పక్కన నిలబడి ఏమేవ్ ఎలకని చంపుతున్నావా అని ఏడిపించేవాడు. పట్టు దొరికాక ఆయనే ఆమెకు కాఫీ కలిపి తెచ్చి పెట్టాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి అనుకుంటాను.

ఒక్క విషయంలో మాత్రం అమ్మ నా మాట వినలేదు. గీసింది సేవ్ చేయమన్నాను. సేవ్ అంటే ఏమిటంది. ఒక పేరు పెట్టి లోపల దాచడం అన్నాను. అమ్మ మొహం మారిపోయింది. మా ఇళ్ళలో సగం నేసిన బట్టకు పేరు పెట్టరు, మడత పెట్టరు, దాన్ని వేరే చెయ్యి ముట్టుకోదు. సాయంత్రం ఎక్కడ ఆపితే పొద్దున అక్కడే అందుకుంటారు. సగం బట్టను మగ్గం మీద నుంచి కోసి తీయడమనేది ఒక్కప్పుడే జరుగుతుంది.

"నేసే మనిషి పోతేనే గదే సగం బట్ట కోసేది. నేనింకా ఉన్నాగా."

ఎంత వాదించినా అదే మాట. పూర్తయ్యాక నేనే పిలిచి పేరు పెట్టిస్తాను, అందాకా చెయ్యి పెట్టవద్దు అంది. అమ్మతో వాదించి నెగ్గినవాళ్ళు మా వంశంలోనే లేరు. పైగా ఆ మిషనూ అచ్చం మగ్గంలాగే నడుచుకుంది. మీట నొక్కితే ఉన్నది ఉన్నట్టుగా నిద్రపోయేది. పొద్దున మళ్ళీ నొక్కితే ఆపిన గడి దగ్గరే లేచేది. ఆ నిద్రలో కరెంటు పోయినా గీతకి ఏమీ అయ్యేది కాదు. డాలు కనపడి పెట్టె తెరుచుకుంటే మాత్రం కుడివైపుది నొక్కమ్మా, తర్వాత అని అర్థం అని చెప్పాను. ఆ గుర్తు అమ్మకి బాగా పట్టుబడింది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా నొక్కేది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం అది జరిగింది. నేను గవర్నరుపేటలో ఉన్నాను. చివరి హంస మెడ ఇంకొంచెం మిగిలి ఉందట. అన్నం చల్లారిపోతోందని నాన్న పిలిస్తే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కండెల బుట్ట కోసం నాన్న ముందుగదిలోకి వచ్చినప్పుడు తెర మీద ఒక పెట్టె కనిపించింది. అందులో అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. నాన్నకి ఇంగ్లీషు రాదు. అమ్మ పనికి సంబంధించిన లెక్కేదో అనుకుని, వచ్చి చూసుకోమని కేక వేశాడు. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తెర నల్లగా ఉంది. ఎవరూ జవాబు చెప్పకపోతే సరేనన్నట్టే అని దాని లెక్క. తనంతట తనే ఆగి, తనంతట తనే లేచి, స్వాగతం చెప్పింది.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. కంచంలో అన్నం అలాగే ఉంది. ఆ మిషనే ఎక్కడో పెట్టి ఉంటుంది వెతకవే అంది. 

మర్నాడు దుర్గాశంకర్ వచ్చి పొద్దుటి నుంచీ వెతికాడు. దాచనిది దొరకదండీ అన్నాడు చివరికి. అంతటితో అయిపోలేదు. ఆ కొత్త సరుకు పడ్డాక డిజైన్ల ప్రోగ్రాం సరిగా తెరుచుకోవడం మానేసింది. తెరిస్తే నా పేరు, ఊరు, ఫోను నంబరు మళ్ళీ మొదటి నుంచీ అడిగింది. అన్నీ ఇచ్చాక తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. అప్పుడు ఇంకో పెట్టె వచ్చింది. జరిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం, దాని వివరాలు మాకు పంపుతారా అని. ఇల్లు దూరి, పని నాశనం చేసి, పోతూ పోతూ మా పేరూ ఊరూ రాసుకుపోయే దొంగని నేను అదే చూడటం. పంపొద్దండీ అన్నాడు దుర్గాశంకర్. లోపల ఏం నడుస్తోందో అదంతా వాళ్ళకి చేరుతుందనీ, ఇంట్లో కూర్చుని మనం చేసేదంతా వాళ్ళు చూస్తారనీ చెప్పాడు.

మంచం మీద పడుకుని ఉన్న అమ్మ ఆ మాటకి లేచి కూర్చుంది. అతను వెళ్ళేదాకా ఆగి నన్ను దగ్గరికి పిలిచింది.

"అన్నీ చూస్తారంటున్నాడుగా ఆ అబ్బాయి. మరి నా అంచు కూడా చూసే ఉంటారుగా?"

నేను తెర వైపు తిరిగాను, ఆ పెట్టె ఇంకా అక్కడే ఉంది.

"అంత చక్కని అంచు కళ్ళబడితే ఎవరైనా దాచుకోకుండా ఉంటారా జ్యోతీ? అడుగు. ఉంటే ఇమ్మను."

వీధిలోంచి ఎవరైనా లోపలికి తొంగిచూస్తే తలుపు దడాలున వేసే మనిషి మా అమ్మ. అలాంటిది, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు తన ఇంట్లోకి తొంగిచూసి ఉండాలని కోరుకుంది. నేను 'పంపు' నొక్కాను. ప్రోగ్రాం ఆగిపోయినప్పుడల్లా ఆ పెట్టె వచ్చేది, పంపావా అని అమ్మ అడిగేది, నేను నొక్కేదాన్ని. కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం కూడా రాశాను. మా ఊరు, మా మగ్గం, అమ్మ కళ్ళు, హంసలు, అన్నీ రాశాను. జవాబు వచ్చింది. మాకు రాసినందుకు కృతజ్ఞతలు, మీ సమస్య తీరడానికి తాజా అప్‌డేట్లు వేసుకోండి అని. ఏమన్నారే అని అమ్మ అడిగితే, వెతుకుతామన్నారని చెప్పాను. ఆమె చాలా రోజులు ఎదురుచూసింది.

దుర్గాశంకర్ ఎలాగో పాత ప్రోగ్రాం నిలబెట్టి, ఇంటర్నెట్ వైరు పీకేశాడు. అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సేవ్ చేయమంటే తలూపింది. కానీ హంసల బారు సగానికి కూడా రాకముందే ఎడమ కంట్లో నల్లదారాలు ఆడుతున్నాయంది. ఆ దారాలే చిక్కుపడి ముద్ద కట్టాయి. దీపావళికల్లా ఆ కన్ను పోయింది. రెండోదానికి వెలుతురు తెలిసేది, మనిషి తెలిసేది కాదు.

మిగతాది నేను గీశాను. అమ్మ పక్కన కూర్చుని చెప్పేది. రెక్క ఎంత, ముక్కు ఎంత, హంసకీ హంసకీ మధ్య మొగ్గ ఎంత. వెనక్కి చూసే మెడ దగ్గరికి వచ్చేసరికి మాటలు చాలేవి కావు. నా చెయ్యి తీసుకుని మణికట్టు మీద వేలితో ఆ వంపు గీసి చూపించేది. ఇలా అనేది. కాదు, ఇలా అనేది. మణికట్టు మీది వంపు గళ్ళలోకి వచ్చేసరికి మెట్లుమెట్లుగా మారిపోయేది. చెరిపి గీశాను, మళ్ళీ చెరిపి గీశాను. ఒక రోజు అమ్మ అలిసిపోయి, బాగానే ఉండి ఉంటుందిలే, మీ నాన్నకి ఇవ్వు అంది.

అట్టలు కొట్టించి నాన్న ఆ చీర నేశాడు. ముదురు ఆకుపచ్చ చీర, జరీ అంచు. అంత శ్రద్ధగా ఆయన నేయడం నేనెప్పుడూ చూడలేదు. కోసిన రోజున మడత విప్పకుండా తీసుకొచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాడు. అమ్మ వేళ్ళు ఒక్కో హంస మీదుగా నడిచాయి. మెడల దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాయి. ఏమంటావే అన్నాడు నాన్న.

ఇదే, అచ్చం ఇదే అంది అమ్మ. నాన్న పై తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అమ్మ ఆ చీరని వదల్లేదు. కూర్చుంటే ఒళ్ళో, పడుకుంటే పక్కలో. మాట్లాడుతున్నా వేళ్ళు మాత్రం అంచు మీదే ఉండేవి. సంతోషంగా ఉందనుకున్నాను. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం, నాన్న నూలు కోసం బజారుకి వెళ్ళినప్పుడు, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ నాన్నకి చెప్పకు. ఇది కాదమ్మా. మా అమ్మది ఇలా ఉండేది కాదు."

 ఎక్కడ తేడా ఉందో చెప్పమ్మా, ఎన్నిసార్లయినా గీస్తాను అన్నాను. నా మణికట్టు చాపి ఆమె వేళ్ళ కింద పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆమెకి మూసినా తెరిచినా ఒకటే, అయినా మూసుకుంది. వేలు నా చర్మం మీద ఆనింది కానీ కదల్లేదు. 

"మొన్నటిదాకా కళ్ళు మూసుకుంటే అది వచ్చేది. ఇప్పుడు నువ్వు గీసిందే వస్తోంది. పాతది రావటం లేదు జ్యోతీ."

నేను ఏడుస్తూ ఆమె ఒళ్ళోంచి చీర తీసెయ్యబోయాను. అమ్మ అంచుని గట్టిగా పట్టుకుంది.

"ఉండనీ. ఇదన్నా ఉండనీ."